ఎడారి చలికి ఫ్లానెల్ బొంత: లోపల ఏం పెట్టాలి, వెనక ఏం వేయాలి

కిందటేడు డిసెంబరులో ఒక రాత్రి తురైఫ్ నుంచి ఫోన్ వచ్చింది. తురైఫ్ అంటే సౌదీ అరేబియా ఉత్తరపు కొసన, జోర్డాన్ సరిహద్దుకు దగ్గర్లో ఉన్న ఊరు. సముద్రమట్టానికి సుమారు 850 మీటర్ల ఎత్తున ఉంటుంది. ఫోన్ చేసిన తమ్ముడిది జగిత్యాల జిల్లా. ఊరికి దూరంగా ఎడారిలో గొర్రెల మంద దగ్గర పని. రియాద్‌లో మా ఇంటికి రెండుసార్లు వచ్చి భోంచేసి వెళ్ళాడు, ఆ చనువుతో అడిగాడు.

"అక్కా, మీద రగ్గు మంచిగనే ఉన్నది. గానీ కిందికెళ్లి సలి గుంజుతాంది. ఒక బొంత కుడ్తవా?"

బొంత కుట్టడం నాకు కొత్త కాదు. పాత చీరలతో అమ్మ కుట్టేది, ఆమె పక్కన కూర్చుని సూదిలో దారం ఎక్కించి ఇవ్వడం నా చిన్ననాటి ఉద్యోగం. కానీ ఎడారిలో గుడారం కింద, రాత్రి సున్నాకు దగ్గరగా దిగే చలిలో, నేలమీద పడుకునే మనిషికి ఎలాంటి బొంత కావాలన్నది అంతకుముందు నేను ఆలోచించని ప్రశ్న. ఫ్లానెల్ కొనాలని మాత్రం వెంటనే అనుకున్నాను. మెత్తగా ఉంటుంది, ఒంటికి తగిలిన క్షణం నుంచే చల్లదనం ఉండదు. లోపల ఏం పెట్టాలి, వెనక ఏం వేయాలి అని కూర్చున్నప్పుడే అసలు సంగతి మొదలైంది.

గల్ఫ్ నుంచి ఇంటికొచ్చే అట్టపెట్టె మన ఊళ్ళలో అందరికీ తెలుసు. చుట్టూ తాళ్ళు, మీద మార్కర్‌తో పేరూ ఊరూ. విప్పితే సబ్బులు, ఖర్జూరాలు, టాంగ్ డబ్బా, అడుగున పులిబొమ్మో గులాబీలో వేసిన రగ్గు. ఇద్దరు పట్టి దులపాల్సినంత బరువు. కరీంనగర్ నుంచి కడప దాకా, కోనసీమ దాకా, ఆ రగ్గు లేని గల్ఫ్ కుటుంబం అరుదు. దాని వెంట ఒక నమ్మకం కూడా వచ్చింది: ఎంత బరువుంటే అంత వెచ్చన అని. ఆ నమ్మకమే మొదట వదులుకోవాల్సింది.

నిద్రపోతున్న మనిషి ఒంటినుంచి 70, 80 వాట్ల వేడి వెలువడుతూ ఉంటుంది. పాతకాలపు గుండు బల్బు ఒకటి రాత్రంతా వెలుగుతున్నట్టు లెక్క. బొంత సొంతంగా ఏ వేడినీ పుట్టించదు. ఆ బల్బు వేడిని త్వరగా పోనివ్వకుండా ఆపడమే దాని పని. ఆపే పనిని చేసేది కూడా బట్ట కాదు, దూదీ కాదు. వాటి సందుల్లో చిక్కుకుని కదలకుండా ఉన్న గాలి. కదలని గాలి వేడిని చాలా నెమ్మదిగా పంపుతుంది. నీళ్ళు దానికంటే దాదాపు 24 రెట్లు త్వరగా పంపుతాయి. ఏ నారైనా, పత్తైనా పాలిస్టరైనా, గాలికంటే ఎన్నో రెట్లు త్వరగానే వేడిని దాటిస్తుంది. మరి నార ఎందుకంటే, గాలిని కదలకుండా పట్టి ఉంచడానికి. గాలికి స్వేచ్ఛ ఇస్తే వేడెక్కి పైకి పోతుంది, చల్లది కిందికి వస్తుంది, ఆ తిరుగుడులో వేడి కొట్టుకుపోతుంది. నార పోగులు దాని కాళ్ళకు అడ్డం పడతాయి.

ఒక చిన్న లెక్క వేశాను. చదరపు మీటరుకు 200 గ్రాములు తూగే దూదిపొర అర సెంటీమీటరు మందం ఉందనుకుందాం. పత్తినార సాంద్రత ఘనసెంటీమీటరుకు 1.52 గ్రాములు. ఆ లెక్కన పొరలో నార ఆక్రమించే చోటు నూటికి మూడు పాళ్ళు కూడా లేదు. మిగతా 97 పాళ్ళు గాలి. మనం కొట్లో డబ్బు పోసి కొనేది ఆ మూడు పాళ్ళను, రాత్రి మనల్ని కాపాడేది మిగతా 97 పాళ్ళు. బరువైన రగ్గులో నార ఎక్కువ. దాని బరువుకే అది అణగిపోతే గాలి తక్కువ.

ఈ ఆపే శక్తిని కొలవడానికి రెండు కొలతలున్నాయి. 1941లో గేజ్, బర్టన్, బాజెట్ అనే ముగ్గురు శాస్త్రవేత్తలు 'క్లో' అనే కొలతను ప్రతిపాదించారు. 21 డిగ్రీల గదిలో ఊరికే కూర్చున్న మనిషికి హాయిగా ఉండేంత దుస్తులను ఒక క్లో అన్నారు. ఇంగ్లండులోని మాంచెస్టర్ నగరంలో షర్లీ ఇన్‌స్టిట్యూట్ వారు 1940లలో 'టాగ్' అనే కొలతను తెచ్చారు. ఇప్పటికీ బ్రిటన్‌లో బొంతల మీద టాగ్ అంకె అచ్చేసి అమ్ముతారు. ఒక సెంటీమీటరు కదలని గాలి విలువ 4 టాగ్‌లు. మధ్యలో నార కూడా ఉంటుంది కాబట్టి సెంటీమీటరు మందం దూదిపొరకు రెండున్నర టాగ్‌లు వేసుకోవచ్చు.

గుడారం లోపల 3 డిగ్రీలు, ఒంటిమీద చర్మం 33 డిగ్రీలు అనుకుంటే, 75 వాట్ల వేడితో మనిషి నిలదొక్కుకోవడానికి దాదాపు 7 టాగ్‌లు కావాలని నా లెక్కలో తేలింది. అంటే వేసుకున్న బట్టలు, రగ్గు, బొంత అన్నీ కలిపి రెండున్నర, మూడు సెంటీమీటర్ల మందాన గాలిని పట్టి ఉంచాలి. బొంత ఒక్కటే ఈ పని చేయక్కర్లేదు. ఆ మందంలో ఎంత భాగం అది భరిస్తుందన్నదే చూసుకోవాలి.

ఎడారిలో ఇంత చలి ఎందుకని ఇంటి దగ్గర వాళ్ళు అడుగుతుంటారు. సౌదీ అంటే మండే ఎండ అనే ఊహ. పగలు ఇసుక, రాళ్ళు పట్టిన వేడి రాత్రి పరారుణ కిరణాలుగా ఆకాశంలోకి పోతుంది. కోస్తాలోనైతే గాలిలో తేమ, మబ్బు ఆ కిరణాలను మింగి, కొంత వేడిని తిరిగి నేలకే పంపుతాయి. ఎడారి ఆకాశంలో ఆ దుప్పటి పలచన. నేల గబగబా చల్లబడుతుంది, తనకు ఆనుకున్న గాలిని అన్నిటికంటే ఎక్కువ చల్లబరుస్తుంది. రియాద్‌లో జనవరి రాత్రులు సగటున 9 డిగ్రీల దగ్గర ఉంటాయి. తబూక్ దగ్గరి జబల్ అల్‌లౌజ్ 2,500 మీటర్లు దాటిన కొండ, దాని మీద కొన్ని చలికాలాల్లో మంచు పడుతుంది. ఇక్కడివాళ్ళు డిసెంబరు మొదటి వారం నుంచి లెక్కపెట్టే నలభై రోజుల చలిని 'మర్బానియ్యా' అంటారు. ఆ తర్వాత వచ్చేది 'షబత్'. చివర్లో, ఫిబ్రవరి ఆఖరులో మళ్ళీ ఒకసారి కొరికిపోయే చలికి 'బర్ద్ అల్‌అజూజ్', ముసలమ్మ చలి అని పేరు. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందని మనమనుకునే రోజులే అవి.

నేలకు దగ్గరగా ఉన్న గాలే అన్నిటికంటే చల్లనిది అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. ఆ తమ్ముడు చెప్పింది సరిగ్గా అదే. మీద రగ్గు ఉంది, చలి కిందినుంచి. కింద పరిచిన దుప్పటి ఒంటి బరువుకు అణిగి రెండు మిల్లీమీటర్లవుతుంది. రెండు మిల్లీమీటర్లకు అర టాగ్ కూడా రాదు. మీద ఎంత కప్పినా వేడి కిందికి కారిపోతూనే ఉంటుంది, చిల్లుకుండలో నీళ్ళలాగా. కాబట్టి ఒక్క బొంత కాదు, రెండు కుట్టాలి. మీదికొకటి, కిందికొకటి. ఆ రెండింటి లోపల పెట్టేది ఒకటే కాకూడదు.

మొదట మీది బొంత. రియాద్‌లో బత్హా అనే పాత బజారు ఉంది. శుక్రవారం సాయంత్రం అక్కడ మలయాళం, బెంగాలీ, ఉర్దూతో పాటు తెలుగూ వినపడుతుంది. ఆ చుట్టుపక్కల బట్టల కొట్లలో ఫ్లానెల్ తాను తాను చూశాను. మంచి ఫ్లానెల్‌ని గుర్తుపట్టడానికి నాదొక పద్ధతి: ఒక అంచును వెలుతురుకు అడ్డంగా, కంటి ఎత్తున పట్టుకుంటాను. బట్ట ఒంపు మీద సన్నటి నూగు నిలబడి కనిపిస్తుంది, జామకాయ పిందె మీది నూగులాగా. అది నేతలో పుట్టింది కాదు. బట్ట నేశాక, సన్నని ఉక్కుతీగల ముళ్ళున్న రోలర్ల మీదుగా నడిపిస్తారు. ఆ ముళ్ళు పేకలోని వదులు పోగుల కొసలను పైకి లాగుతాయి. ఫ్లానెల్ వెచ్చదనం రహస్యం ఇదే: ఆ నూగు అర మిల్లీమీటరో, మిల్లీమీటరో గాలిపొరను ఒంటికి ఆనించి పట్టుకుంటుంది. పైగా నున్నటి పాప్లిన్ ఒంటికి తగిలితే బట్ట మొత్తం ఒకేసారి తగిలి ఒంటివేడిని లాక్కుంటుంది. ఫ్లానెల్ అయితే కొసలే తగులుతాయి. పక్కలో దూరగానే ఒళ్ళు జలదరించకపోవడానికి కారణం అదే.

మొదట్లో ఫ్లానెల్ అంటే ఉన్నిబట్టే, వేల్స్ ప్రాంతంలో పేరుపడింది. పత్తితో నేసి నూగు లేపేది తర్వాత వచ్చింది. ఇవాళ బజారులో ఫ్లానెల్ అడిగితే ఇచ్చేది పత్తిదే. రెండు వైపులా నూగున్నదైతే బరువు. చదరపు మీటరుకు 170 గ్రాములు వేసుకున్నా, ఒక మనిషి కప్పుకునే మూడున్నర చదరపు మీటర్ల బొంతకు ముందు వెనక కలిపి ఒక కిలో 200 గ్రాములు బట్టే అవుతుంది. దాని లోపల మళ్ళీ మందపాటి పత్తిదూది పెడితే బొంత బరువెక్కి ఎటూ ఒంగదు. భుజాల దగ్గర లేచి నిలబడి సందులిస్తుంది. ఆ సందుల్లోంచి గాలి దూరితే లోపలి 97 పాళ్ళ శ్రమ వృథా. ఫ్లానెల్ బొంతకు లోపలి పొర పలచగా, ఒంటిమీద ఒదిగేలా ఉండాలన్నది నా మొదటి నిర్ణయం.

ఇక్కడి కొట్లలో లోపల పెట్టేదాన్ని 'హషూ' అంటారు, కూరేది అని అర్థం. అడిగితే ముందు తెచ్చి చూపేది పాలిస్టర్. తెల్లగా, పొంగుగా, మబ్బుతునకలా ఉంటుంది. తక్కువ బరువులో ఎక్కువ మందం, ధర కూడా తక్కువ. ఉతికితే కుంచించుకుపోదు. నీళ్ళు పీల్చదు కాబట్టి త్వరగా ఆరుతుంది. గాలిని పట్టడం ఒక్కటే చూస్తే పాలిస్టర్‌ను తప్పుపట్టడానికి లేదు. చిక్కంతా చెమట దగ్గర. మామూలు గదిలో పాలిస్టర్ తన బరువులో నూటికి అర పాలు కూడా తేమ పట్టదు. పత్తి ఎనిమిదిన్నర పాళ్ళు పడుతుంది, ఉన్ని పద్నాలుగు, పదహారు. నిద్రలో ఒంటినుంచి ఆవిరి ఎప్పుడూ వస్తూనే ఉంటుంది. దాన్ని పీల్చే నార లేకపోతే, బొంత బయటి చల్లని వైపున ఆ ఆవిరి నీటిబొట్లుగా మారుతుంది. తెల్లవారుజామున ఒళ్ళు జిగటగా, చల్లగా అనిపించడం అందుకే.

పత్తి సంగతి వేరు. పొలంలో కాయ పగలకముందు పత్తినార ఒక సన్నని గొట్టం. పగిలి ఆరాక ఆ గొట్టం చప్పిడిపోయి, రిబ్బను మెలితిరిగినట్టు అవుతుంది. ఆ మెలికలే పోగును పోగుకు పట్టిస్తాయి. మెత్తదనం, తేమ పీల్చే గుణం పత్తికి ఉన్నాయి, లేనిది స్ప్రింగు గుణం. అణిగితే అణిగినట్టే ఉంటుంది. అందుకే మన పరుపులను ఏడాదికో రెండేళ్ళకో విప్పి ఏకించేవాళ్ళం.

మా ప్రొద్దుటూరులో చలికాలం ముందు దూదేకుల తాత భుజాన విల్లుతో వచ్చేవాడు. వసారాలో కూర్చుని, విల్లు తాడును దూదిలో ముంచి, కొయ్యతో కొట్టేవాడు. టుంయ్, టుంయ్ అని ఆ తాడు మోగేది. గట్టిపడి గడ్డలైన దూది, తాడు అదురుకు విడివడి, చూస్తుండగానే పొంగి మూడింతలయ్యేది. ఇల్లంతా తెల్లటి దుమ్ము. "దగ్గరికి రావొద్దు పాపా" అనేవాడు, నేను వినేదాన్ని కాదు. ఆ తాత చేసింది ఇప్పటి మాటల్లో చెప్పాలంటే దూదిలోకి గాలిని తిరిగి పెట్టడం. నార అదే, బరువు అదే, మారింది మధ్యలోని గాలి. పోగులు ఎటు పడితే అటు చిక్కుబడి ఉండటం కూడా మంచిదే. పొందూరులో వాలుగచేప దవడతో పత్తి దువ్వేది పోగులన్నీ ఒక వరసకు రావాలని, దారం తీయాలి కాబట్టి. బొంతకు వరస వద్దు, చిక్కే కావాలి. అడ్డదిడ్డంగా ఉన్న పోగుల వెంట వేడి బయటికి పోవాలంటే చాలా చుట్టు తిరగాలి.

ఇప్పుడు బజారులో దొరికే పత్తిపొరను ఏకి ఊరుకోరు. ముళ్ళున్న సూదులు వేలకొద్దీ దానిలోకి దిగి, పోగులను పైనుంచి కిందికి గుచ్చి బిగిస్తాయి. అందువల్ల కుట్టుకూ కుట్టుకూ మధ్య 15, 20 సెంటీమీటర్లు ఎడం ఉన్నా దూది లోపల జారదు. చేత్తో ఏకిన దూదికి అంత ఎడం ఇస్తే రెండు ఉతుకుల్లో ఒక మూలకు పోయి ముద్దవుతుంది. ఏకు మేకైందంటారు చూడండి, నిజంగా అలాగే. దానికి నాలుగు వేళ్ళ ఎడంలో టాకాలు పడాల్సిందే. అయితే ప్రతి టాకా దగ్గరా బొంత నొక్కుకుపోతుంది, అక్కడ గాలి ఉండదు, ఆ గీత వెంట చలి లోపలికి వస్తుంది. కుట్టు ఎంత దగ్గరైతే బొంత అంత గట్టి, కానీ అంత తక్కువ వెచ్చన. సూదులతో గుచ్చిన పొర ఈ బేరాన్ని మనవైపు కొంత తిప్పుతుంది.

మీది బొంతకు నేను చివరికి ఎంచుకున్నది ఎనభై పాళ్ళు పత్తి, ఇరవై పాళ్ళు పాలిస్టర్ కలిపి గుచ్చిన పొర. పత్తి చెమటను చూసుకుంటుంది, పాలిస్టర్ అణిగిన చోట మళ్ళీ లేపుతుంది. కొనేముందు చేసే పరీక్ష ఒకటుంది. అరచేయంత ముక్కను నాలుగు మడతలు పెట్టి, గుప్పిట్లో గట్టిగా బిగించి, పది అంకెలు లెక్కపెట్టి వదలాలి. మంచి పాలిస్టర్ వెంటనే విచ్చుకుంటుంది. ఒట్టి పత్తి ముడతలతో అలాగే పడి ఉంటుంది. నేను తీసుకున్నది నెమ్మదిగా, నిద్రలేచిన పిల్లలా ఒళ్ళు విరుచుకుంది.

ఫ్లానెల్‌తో పనిచేసేవాళ్ళను ఎక్కువగా దెబ్బతీసేది కుంచించుకుపోవడం. వదులు నేత, తక్కువ పురి పోగులు, కాబట్టి మొదటి ఉతుకులో బాగా ముడుచుకుంటుంది. తానులోంచి 20 సెంటీమీటర్ల చదరం కత్తిరించి, వేణ్ణీళ్ళలో ఉతికి, ఆరాక స్కేలు పెట్టాను. పొడవు 18.8, వెడల్పు 19.4. పొడవు మీద నూటికి ఆరు పాళ్ళు పోయింది. రెండు మీటర్ల బొంతలో అది 12 సెంటీమీటర్లు, అంటే పాదాలు బయటపడేంత. పత్తి కలిసిన లోపలి పొర మూడు నుంచి అయిదు పాళ్ళ దాకా ముడుచుకుంటుంది, పాలిస్టర్ అసలు ముడుచుకోదు. మూడు పొరలూ మూడు రకాలుగా ముడుచుకుంటే బొంత ఎక్కడికక్కడ గుంజుకుపోతుంది, కుట్టు దారం తెగుతుంది. మొదటి బొంత విషయంలో పదేళ్ళ కిందట నేను ఈ తప్పు చేశాను. ఒక్క ఉతుకుతో అంచులు అప్పడంలా వంకరపోయాయి. అప్పటినుంచి ఫ్లానెల్‌ను కత్తిరించేముందు రెండుసార్లు వేణ్ణీళ్ళలో ఉతుకుతాను.

వెనక బట్ట విషయంలో నేను అందరూ చెప్పేదానికి ఎదురు వెళ్ళాను. ఫ్లానెల్ బొంతకు వెనక కూడా ఫ్లానెల్ వేస్తే మెత్తగా ఉంటుందని కుట్టేవాళ్ళు చాలామంది అంటారు. నగరంలో, తలుపులు మూసిన గదిలో అది సరే. గుడారంలో కాదు. ఫ్లానెల్ నేత వదులు, గాలి విసిరితే లోపలికి దూసుకొస్తుంది. గాలి కదిలితే 97 పాళ్ళూ పనిచేయవు. పైగా ఆ నూగు ఇసుకను, గడ్డిపరకలను, గొర్రె బొచ్చును పట్టుకుని వదలదు. ఇంకొక బాధ, లోపలి పాలిస్టర్ పోగులు వదులు నేత సందుల్లోంచి కొద్దికొద్దిగా బయటికి వస్తాయి. బొంత మీద తెల్లటి నూగు మొలుస్తుంది. పొడిగాలిలో ఇది ఎక్కువ. బయట 8 డిగ్రీల్లో సగం తేమ ఉన్న గాలిని గదిలోకి తెచ్చి హీటరుతో 22 డిగ్రీలకు వేడిచేస్తే, ఆ గాలి తేమ అయిదో వంతుకు పడిపోతుంది. అలాంటి గాలిలో నారల రాపిడికి పుట్టిన విద్యుత్తు ఎటూ పోలేక పోగులను ఒకదాన్నొకటి తోసేస్తుంది. రాత్రి చీకట్లో రగ్గు లాగితే చిటచిటమని మెరుపులు కనపడేది ఇందుకే.

అందుకని ఒంటివైపు ఫ్లానెల్, బయటివైపు దగ్గరి నేత బట్ట. ఇక్కడ మగవాళ్ళు తొడిగే పొడవాటి తోబులకు చలికాలంలో వాడే మందపాటి బట్ట ఉంటుంది. నేత బిగువు, నున్నన, దులిపితే ఇసుక రాలిపోతుంది. లేత రంగు వదిలి బూడిదరంగు తీసుకున్నాను. వెనక బట్టలో అతుకు వేయాల్సి వస్తే నడిమధ్య నిలువునా కాకుండా అడ్డంగా, మోకాళ్ళ దగ్గర పడేలా వేశాను. నిలువు అతుకు వెంటే మనం ఎప్పుడూ మడతపెడతాం, అక్కడే ముందు చిరుగుతుంది. అరబ్బీలో దుస్తుల లోపలి అస్తరును 'బితానా' అంటారు, దుప్పటిని 'బత్తానియ్యా' అంటారు. రెండింటికీ మూలం కడుపు, లోపల అనే అర్థమున్న ఒకే ధాతువు. ఇక్కడి పెద్దలు చలికాలంలో వేసుకునే 'ఫర్వా' కూడా ఈ సూత్రంతోనే కుట్టింది: బిగువైన బట్ట బయటికి, గొర్రెబొచ్చు లోపలికి.

నిప్పు గురించి చెప్పకుండా ఫ్లానెల్‌ను ఎవరికీ ఇవ్వకూడదు. లేచి నిలబడ్డ ఆ నూగు చుట్టూ గాలి ఉంటుంది కదా, వెచ్చదనమిచ్చే ఆ గాలే మంటకు ఆహారం. నిప్పురవ్వ పడితే మంట నూగు మీదుగా కన్నుమూసి తెరిచేలోగా పాకుతుంది. ఇరవయ్యో శతాబ్దం తొలి ఏళ్ళలో బ్రిటన్‌లో పత్తి ఫ్లానెల్ రాత్రి దుస్తులు అంటుకుని ఎంతోమంది పసిపిల్లలు కాలిపోయారు. ఊదారంగు మావ్ కనిపెట్టిన పెర్కిన్ కొడుకు, ఆయన పేరు కూడా విలియం హెన్రీ పెర్కినే, ఈ సమస్య మీద ఏళ్ళ తరబడి పనిచేశారు. సోడియం స్టానేట్, అమ్మోనియం సల్ఫేట్ ద్రావణాలతో బట్టలో తగరం ఆక్సైడును నిలిపి, ఉతికినా పోని మంటనిరోధాన్ని సాధించారు. బజారులో మామూలుగా దొరికే ఫ్లానెల్‌కు అలాంటి రక్షణ ఉందనుకోకూడదు. హీటరుకు కనీసం మీటరు దూరం ఉండాలని బొంతతో పాటు కాగితం మీద రాసి పంపాను. బొగ్గుల కుంపటిని గుడారంలో పెట్టుకుని పడుకోవద్దని ఫోన్‌లో రెండుసార్లు చెప్పాను. మంట ప్రమాదం ఒకటి, దానికంటే చప్పుడు లేకుండా వచ్చేది కార్బన్ మోనాక్సైడ్. వాసన ఉండదు, రంగు ఉండదు, నిద్రలోనే మనిషిని తీసుకుపోతుంది. ఎంత చలైనా సరే, పడుకునేముందు కుంపటి బయటికి పోవాలి.

కింది బొంతకు నేను మొదట దళసరి పాలిస్టర్ అనుకున్నాను. ఒంటిబరువుకు అణిగి, అణిగిన చోట మళ్ళీ లేచేది కావాలి. ఆ మాటే చెబితే తమ్ముడు కాసేపు ఊరుకుని, "మా బాపు గొంగడి పరుసుకొని పండేటోడక్కా గొర్ల కాడ. వానల తడిసినా సలి కాకపోవు" అన్నాడు.

జవాబు అతని చుట్టూరా మేస్తోంది. ఇక్కడి నయీమీ గొర్రె ఉన్ని తివాచీలకు వాడే ముతక రకం. ఒంటికి గుచ్చుకుంటుంది, స్వెటర్లకు పనికిరాదు. కానీ ముతక ఉన్నిపోగు గట్టి స్ప్రింగు. దానిలోని ఒంపులు సహజంగా పుట్టినవి, ఎన్నిసార్లు నొక్కినా తిరిగి ఒంపు తిరుగుతుంది. మన దక్కనీ గొర్రె ఉన్ని కూడా ఇలాంటిదే, గొంగడి దానితోనే నేస్తారు. ఉన్ని తన బరువులో మూడోవంతు దాకా ఆవిరిని పీల్చి కూడా చేతికి తడిగా తగలదు. పీల్చేటప్పుడు కొద్దిగా వేడిని విడుదల చేస్తుంది కూడా. మంటకు త్వరగా లొంగదు. పత్తి మండుతూ ఉండటానికి గాలిలో 18 పాళ్ళ ఆక్సిజన్ చాలు, ఉన్నికి 25 పాళ్ళు కావాలి. మనం పీల్చే గాలిలో ఉన్నది 21 పాళ్ళే.

యజమానిని అడిగి, కోత తర్వాత మూలన పడి ఉన్న ఉన్ని మూటను తీసుకున్నాడు. ఎలా కడగాలో ఫోన్‌లో చెప్పాను. గోరువెచ్చటి నీళ్ళు, కొంచెం సబ్బు, నానబెట్టి వదిలేయాలి, రుద్దకూడదు. ఉన్నిపోగు మీద చేపపొలుసుల్లాంటి పొరలుంటాయి. వేణ్ణీళ్ళలో రుద్దితే ఆ పొలుసులు ఒకదానిలో ఒకటి చిక్కుకుని ఉన్ని గట్టి ముద్దయిపోతుంది, మళ్ళీ విడదీయలేం. మూడుసార్లు నీళ్ళు మార్చాడట. మొదటి నీళ్ళు చాయ రంగులో వచ్చాయన్నాడు. ఆరాక వేళ్ళతో విడదీయడానికి నాలుగు సాయంత్రాలు పట్టింది. అతనితో పనిచేసే సూడాన్ మనిషి కూడా పక్కన కూర్చుని తీశాడు.

నేను ఇక్కడినుంచి సంచిలా కుట్టిన తొడుగు పంపాను. రెండు వైపులా బిగువు నేత గుడ్డ, మూడు వైపులా కుట్టి, నాలుగోవైపు తెరిచి ఉంచి, మధ్యలో నాలుగు వేళ్ళ ఎడంతో చుక్కలు పెట్టి. ఉన్ని నింపి ఆ చుక్కల దగ్గర గోనెసూదితో ముడులు వేయమన్నాను. వరస కుట్టు వద్దు, ముడులే. ముడి దగ్గర ఒక్క చుక్కే అణుగుతుంది, మిగతాదంతా పొంగుగా ఉంటుంది. మీది ఫ్లానెల్ బొంతను కూడా అదే మూటలో కట్టి, ఆ వైపు వెళ్ళే లారీ డ్రైవర్ చేతికిచ్చాను.

మర్బానియ్యా ముగియడానికి ఇంకా పది రోజులుందనగా ఫోన్ వచ్చింది. కింది బొంత మీద పడుకుంటే తెల్లారి వెన్ను పట్టేయడం లేదట. మీది బొంతను రగ్గు కింద, ఫ్లానెల్ ఒంటివైపుకు వేసుకుంటున్నాడు. రగ్గు బరువు బొంతను అణచేస్తోందేమో చూడమన్నాను. రెండు రాత్రులు రగ్గు కింద, రెండు రాత్రులు రగ్గు లేకుండా పడుకుని చెబుతానన్నాడు. అయిదో రోజు చెప్పింది ఇది: గాలి లేని రాత్రి రగ్గు లేకుండానే సరిపోయింది, బొంత మీద రెండో పొరగా పాత దుప్పటి చాలింది. గాలి లేచిన రాత్రి మాత్రం రగ్గు కావాల్సి వచ్చింది, గుడారం పక్కలు ఎగురుతుంటే. అయితే ఇకమీద పక్కల మీద ఇసుక మూటలు పెడతానన్నాడు.

తర్వాత కొంచెం ఆగి, "అక్కా, ఇంకో సంచి పంపుతవా? ఉన్ని మస్తు మిగిలింది. సూడానీ భాయి కింద ఒట్టి అట్టపెట్టె పరుసుకొని పంటున్నడు" అన్నాడు.

మర్నాడే గుడ్డ కత్తిరించాను. సూడాన్ మనిషి ఆరడుగుల పైన ఉంటాడని చెప్పాడు కాబట్టి, ఈసారి పొడవు 20 సెంటీమీటర్లు పెంచి.